విద్యార్థి గది: హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువారి వసతి చరిత్ర

తెలుగువారి విద్యాచరిత్రను వ్రాసిన పెద్దలు ఏ పాఠశాల ఎప్పుడు వెలసినదో, ఏ విశ్వవిద్యాలయమును ఎవరు స్థాపించిరో చక్కగా వివరించి యున్నారు. కాని చదువుకొరకు ఊరు విడిచిన పిల్లవాడు రాత్రి ఎక్కడ పండుకొనెను, ఎవరి ఇంట భుజించెను, వాని దీపములో చమురు ఎవరు పోసిరి అను ప్రశ్నలకు ఆ గ్రంథములలో సమాధానము అరుదు. ఇవి చిన్న ప్రశ్నలని తోచవచ్చును. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు బోధించుచున్న నాబోటి ఉపాధ్యాయునకు మాత్రము ఇవియే ముఖ్యమైన ప్రశ్నలు. మా పిల్లలలో బడి లేక చదువు మానినవారికంటె, కళాశాల ఉన్న ఊరిలో గది కుదురక మానినవారే హెచ్చుగా నా కంటబడిరి. అందుచేత విద్యార్థి వసతిని గూర్చి, ఆ వసతిని నివాసయోగ్యముగా చేసికొనుటకు మనవారు పడిన పాట్లను గూర్చి, నాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందుగా మన ప్రాంతపు నైసర్గిక స్థితిని కొంచెము చెప్పవలసి యున్నది. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున మైసూరు పీఠభూమి అంచున కలదు. పూర్వులు దీనిని బాలాఘాటు అనిరి. కృష్ణగిరి కనుమ దిగువన బారామహలులోనిది. ఈ రెండు ఊళ్ళకు నడుమ దూరము ఏబది కిలోమీటర్లకు అటునిటు మాత్రమే. అయినను మార్గశిర పుష్యములలో హోసూరున కంబళి లేనిదే నిద్ర రాదు. చైత్ర వైశాఖములలో కృష్ణగిరి కొండలు పగలెల్ల కాగి, రాత్రి రెండు జాములవరకు వేడి కక్కుచుండును. ఒకే జిల్లాలో ఒక ఊరి విద్యార్థికి గదిలోనికి గాలి రాకుండ చేసికొనుట సమస్య, మరియొక ఊరి విద్యార్థికి గాలి వచ్చునట్లు చేసికొనుట సమస్య. పైగా ఇచ్చటి పాత ఇండ్లు అనేకము రాతి పలకలతో కట్టినవి. రాయి చలికాలమున చలిని, ఎండకాలమున ఎండను దాచుకొని రాత్రివేళ మనకు పంచిపెట్టును.

1792లో శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలు, 1799లో టిప్పు పతనానంతరము హోసూరు ప్రాంతము కుంఫిణీవారి పాలనలోనికి వచ్చి సేలము జిల్లాలో చేరినవి. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడువరకు మనకు జిల్లా కేంద్రము ఎప్పుడును దూరముననే యుండెను. సేలమున 1857లో నెలకొల్పబడిన విద్యాలయము క్రమముగా కళాశాలగా పెరిగినది. బెంగుళూరున 1858లో ఉన్నత పాఠశాలగా మొదలై 1875లో సెంట్రల్ కాలేజి అను పేరు పొందిన విద్యాలయము హోసూరువారికి సేలముకంటె దగ్గర. అందుచే పై చదువు అనగా కనుమ దిగి సేలము పోవుటయో, ఎల్ల దాటి బెంగుళూరు పోవుటయో, లేక రైలెక్కి మద్రాసు చేరుటయో తప్ప వేరు త్రోవ లేకుండెను. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు నడచిన త్రోవయు ఇదియే: హోసూరు బడి, బెంగుళూరు సెంట్రల్ కాలేజి, పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజి. మొరప్పూరునుండి ధర్మపురిమీదుగా వచ్చిన చిన్న రైలు 1913లో హోసూరును చేరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున దానిని ఎత్తివేసిరి. తరువాత చాల కాలము మన పిల్లలకు బండ్లు, బస్సులే గతి.

వసతిగృహములు పుట్టకముందు విద్యార్థి ఎట్లు బ్రతికెను? వారములు చేసికొని బ్రతికెను. ఏడు ఇండ్లు కుదుర్చుకొని, ఒక్కొక్క దినము ఒక్కొక్క ఇంట భుజించుట తెలుగుదేశమంతట నున్న ఆచారము. బెంగుళూరు, మైసూరు కన్నడిగులు దీనినే వారాన్నమందురు. ఏడవ ఇల్లు కుదురనివాడు ఆ దినము పస్తుండుటయో, ముందునాటి చద్ది దాచుకొనుటయో చేయును. రాత్రి పండుకొనుటకు గుడి మండపమో, సత్రపు అరుగో, ఉపాధ్యాయుని ఇంటి పంచయో చాలును. గురజాడ అప్పారావుగారంతటివారు తండ్రి గతించిన పిమ్మట విజయనగరమున ఇట్లే వారాలబ్బాయిగా నుండగా, మహారాజా కళాశాల ప్రధానాచార్యులైన చంద్రశేఖరశాస్త్రిగారు తమ యింట ఉచితముగా భోజనము, వసతి కల్పించిరి. 1882లో గురజాడవారు మెట్రిక్యులేషను పూర్తి చేసిరి. ఆ ఇంటి పంచ లేకున్న మన సాహిత్యమేమయ్యెడిదో చెప్పజాలము.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి కథ మన ప్రాంతమునకు మరింత దగ్గరిది. వారి పూర్వులు మోక్షగుండమునుండి మైసూరు రాజ్యమునకు తరలిన తెలుగువారు. సెంట్రల్ కాలేజిలో చదువునపుడు ఆయన ఒక కొడగు ఉద్యోగి పిల్లలకు పాఠములు చెప్పి, ఆ యింటనే ఉండి, భోజనమునకు మేనమామగారి ఇంటికి నడచి పోయెడివారు. 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పాఠము చెప్పి చోటు సంపాదించుట వారములకంటె గౌరవమైన పద్ధతి. కాని దానికి ముందే కొంత చదువు, కొంత పరిచయము ఉండవలెను. మాగడి ఎరుగని పల్లెటూరి పిల్లవానికి, తళి, బేరికె, వేపనపల్లి వైపునుండి పోయినవానికి, ఎవరు పాఠములు అప్పగింతురు?

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. వారముల పద్ధతిని మనవారు ఎంతో ఉదారమైన ఆచారముగా పొగడుదురు. ఉదారమైనదే. కాని ఆ ఉదారత గడప దాటి లోనికి రాగల కులములవారికే పరిమితము. సేద్యగాండ్ర పిల్లలకు, గొల్ల, కురుబ, వన్నెకాండ్ర పిల్లలకు ఏ ఇంటను వారము దొరకలేదు. అంటరానివారని త్రోసివేయబడినవారి మాట చెప్పనేల? కాపు బాలుడు డబ్బిచ్చి తినవలసినదే. అందుకు పూటకూళ్ళ యిండ్లు ఉండెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు భర్త పోయిన పిమ్మట ఒంగోలున పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచిన సంగతి లోకవిదితము. పూటకూళ్ళమ్మను మన నాటకములు, కథలు ఎగతాళి పట్టించినవి. ఆమె లేనిచో కోర్టు గుమాస్తాలు, బడిపిల్లలు పట్టణములలో నిలువగలిగెడివారు కారు. చరిత్రకారులు ఆమెకు బాకీ పడియున్నారు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున సేద్యగాండ్ర, వర్తకుల కులములవారు తమ పిల్లలకొరకు తామే వసతిగృహములు కట్టించుకొన మొదలిడిరి. బెంగుళూరు రైలు స్టేషను చెంత గుబ్బి తోటదప్పగారు ధర్మసత్రమును కట్టించి, విద్యార్థులకు ఉచిత వసతి ఏర్పాటు చేసిరి. హైదరాబాదున 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు రెడ్డి హాస్టలును స్థాపించిరి. తరువాత ఆయన నగర కొత్వాలుగా ప్రసిద్ధులైరి. ఈ హాస్టలునకు సురవరం ప్రతాపరెడ్డిగారు కార్యదర్శిగా నుండి, దానిలోని గ్రంథాలయమును పెంపొందించిరి. ఉరుదూ మాధ్యమమున చదువు సాగుచున్న నగరములో తెలుగు పల్లెల పిల్లలకు సాయంకాలమున తెలుగు పుస్తకము చేతికందిన చోటు అది. 1926లో గోలకొండ పత్రికను వెలువరించిన ప్రతాపరెడ్డిగారికి ఆ పిల్లలే తొలి పాఠకులలోనివారని ఊహించుట తప్పు కాదు. గదికి గోడలు, మంచము మాత్రమే కాక, మాతృభాషలో చదువుకొన దగిన పుస్తకము కూడ వసతియే యని రెడ్డి హాస్టలు చరిత్ర మనకు చెప్పుచున్నది. నేను దానిని మిక్కిలి గొప్ప ఏర్పాటుగా తలచెదను.

కులమునకొక హాస్టలు ఉండుటలోని లోపము ఆనాడే కొందరు గుర్తించిరి. తిరునెల్వేలి సీమలోని శేరన్మాదేవి గురుకులమున బ్రాహ్మణ బాలురకు వేరు పంక్తి పెట్టిరని 1924, 1925 సంవత్సరములలో తమిళనాట గొప్ప వివాదము చెలరేగెను. దానికి ఎదురు నిలిచినవారిలో ముఖ్యుడైన డాక్టరు పి. వరదరాజులు నాయుడుగారు మన పాత సేలము జిల్లాలోని రాశిపురమున జన్మించినవారు. పంక్తి భేదము చిన్న విషయము కాదు. పగలు బడిలో నేర్చినదానిని సాయంకాలము విస్తరిముందు మరపించు శక్తి దానికి కలదు. మద్రాసు రాజధానిలో లేబరు శాఖ 1920 దశకమునుండి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర విద్యార్థులకు ఉపకారవేతనములు, వసతిగృహములు ఏర్పరచ నారంభించెను. నేటి ప్రభుత్వ హాస్టళ్ళకు అవియే మూలము. 2025లో తమిళనాడు ప్రభుత్వము కులములను, వర్గములను సూచించు పేర్లను తొలగించి, ఈ హాస్టళ్ళన్నిటిని సామాజిక న్యాయ వసతిగృహములని పిలువ నిర్ణయించెను. బోర్డు మారినది. లోపలి కుళాయిలు, కిటికీలు కూడ మారవలెనని కోరుచున్నాను.

ఉస్మానియా విద్యార్థుల చరిత్ర తెలుగువారందరికి తెలిసినదే. 1938లో ఆ విశ్వవిద్యాలయపు హాస్టళ్ళలో హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరము పాడరాదని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు వినలేదు. హాస్టళ్ళనుండి, కళాశాలలనుండి వారిని వెళ్ళగొట్టిరి. వరంగల్లు కళాశాలలో చదువుచున్న పి.వి. నరసింహారావుగారితో సహా అనేకులు నాగపూరు చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున చదువు ముగించిరి. రాజకీయ చరిత్రలో దీని స్థానము వేరు. మన ప్రస్తుతాంశమునకు కావలసినది ఒక్కటే. హాస్టలు గది అద్దెకిచ్చిన నాలుగు గోడలా, అందుండు పిల్లల ఇల్లా అను తగవు అచ్చట బహిరంగమాయెను. ఇల్లని వారు నమ్మిరి, అందుకొరకు ఆ ఇంటినే పోగొట్టుకొనిరి.

ఇక గది లోపలికి పోవుదము. 1950, 1960 ప్రాంతములలో హోసూరునుండి బయలుదేరిన విద్యార్థి సామాను ఎట్టిదనగా: రంగు వేసిన ఇనుప ట్రంకుపెట్టె, చాపలో చుట్టిన పరుపు లేక బొంత, ఒక నల్ల కంబళి, చెంబు, లాంతరు, ఊరగాయ జాడీ. పెద్దలవలన నేను విన్నంతలో ట్రంకుపెట్టె పని పెట్టెగా మాత్రమే ముగియలేదు. మూత మూసి దుప్పటి కప్పిన అది వ్రాతబల్ల. గోడకు చేర్చిన చుట్టమునకు ఆసనము. రాత్రి తలవైపున ఉంచిన దొంగకు అడ్డు. కురుబలు నేసిన కంబళిని చలిలో కప్పుకొందురు, ఎండలో మడిచి క్రింద పరచుకొందురు, వానలో గొంగడిగా తలపై వేసికొందురు. నగరపు పిల్లలు దానిని చూచి నవ్విరట. మాఘమాసపు తెల్లవారుజామున వారే అరువడిగిరట.

గదిని కుదుర్చుకొనుటలో ఒక శాస్త్రము కలదు. రాతి నేలమీద చాప ఒక్కటి వేసిన చలి ఆగదు. క్రింద ఎండుగడ్డియో, పాత గోనెయో పరచి, దానిపై చాప వేసిన నేలకును దేహమునకును నడుమ గాలి నిలిచి చలి తగ్గును. కృష్ణగిరి వేడికి విరుగుడు మట్టి కూజా. దానిని తడి యిసుకమీద, గాలి వచ్చు కిటికీ వద్ద పెట్టవలెను. మట్టి రంధ్రములగుండ ఊరిన తేమ ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొని పోవును. అదే కూజాను మూలన పెట్టిన నీరు చల్లబడదు. కూజా ఏదైనను ఒకటే, స్థానమే భేదము. పాత ఇండ్ల గోడలలో గూళ్ళు, చిలకకొయ్యలు ఉండెడివి. పుస్తకము గూటిలో, చొక్కా కొయ్యకు, తడి పంచె దండెముమీద వేసిన ఎనిమిదడుగుల గది పదియడుగులగును. కొత్త కట్టడములలో గూడు తీసివేసి నున్నని గోడ పెట్టిరి. పిల్లలు మేకులు కొట్టుదురు, వార్డెను జరిమానా వేయును. ఈ తగవు అనవసరము. కట్టినవాడే నాలుగు కొయ్యలు పెట్టిన పోవునది.

దీపము సంగతి వేరుగా చెప్పదగినది. బెంగుళూరు వీధులు 1905లోనే శివసముద్రపు విద్యుత్తుతో వెలిగినవి. ఎల్లకు ఇవతలి మన పల్లెలలో అటు తరువాత అనేక దశాబ్దములు కిరసనాయిలు లాంతరే. చదువుకొను పిల్లవాడు సాయంకాలము మొదట చేయు పని లాంతరు గాజును బూడిదతో తుడుచుట, వత్తిని సమముగా కత్తిరించుట. వత్తి వంకరైన మంట ఒక ప్రక్క ఎగసి గాజు నల్లబడును, కండ్లు మండును. నల్లుల బాధ వేరొకటి. నులకమంచమును ఎండలో వేసి, కాగిన నీళ్ళు పోసి, కోళ్ళ సందులలో కిరసనాయిలు రాయుట తప్ప వేరు మందు లేదు. ఇనుప మంచములు వచ్చినపుడు హాస్టలు విద్యార్థులకు కలిగిన సంతోషమును ఇప్పటివారు ఊహింపలేరు.

భోజనమున మన ప్రాంతపు విద్యార్థికి వచ్చిన చిక్కు రాగులది. ఇంట ఉదయమున అంబలి, మధ్యాహ్నము సంగటి తిని పెరిగినవానికి మెస్సులో రెండు పూటల అన్నమే. కడుపు నిండినను ఆకలి తీరినట్లుండదందురు. చాల కళాశాలలలో నెల ఖర్చును తిన్నవారి సంఖ్యతో భాగించు పద్ధతి యుండెడిది. సామాను కొనుటకు విద్యార్థులలోనే ఒకనిని కార్యదర్శిగా ఎన్నుకొందురు. లెక్క వ్రాయుట, బజారున బేరమాడుట ఎందరో ఇచ్చటనే నేర్చిరి. అన్నము ఎట్లున్నను జాడీలోని ఊరగాయ కొన్ని వారములు కాపాడెడిది. ఊరగాయ నిండుకొన్న వారము ఉత్తరములు ఎక్కువగా వచ్చునని ఒక వృద్ధ ఉపాధ్యాయులు హాస్యముగా అనెడివారు.

ఆడపిల్లల మాట ప్రత్యేకముగా తలపవలెను. వారికి వారములు లేవు, సత్రపు అరుగు లేదు, పూటకూళ్ళ యిల్లు లేదు. గది లేనిదే చదువు లేదు. మద్రాసున 1914లో వెలసిన క్వీన్ మేరీస్ కళాశాల, ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరున నెలకొల్పిన శారదానికేతనము, దుర్గాబాయిగారు 1937లో మద్రాసున ఆరంభించిన ఆంధ్రమహిళాసభ ఈ కొరతను కొంత తీర్చినవి. మన జిల్లా పల్లెలలో నేటికిని ఆడపిల్ల పై చదువు తండ్రి అడుగు మొదటి ప్రశ్నతో తేలిపోవును. ఏ చదువని ఆయన అడుగడు, ఎక్కడ ఉండునని అడుగును. ఆ ప్రశ్నకు సరియైన బదులు చెప్పగలిగిన నాడు నేను ఒక పిల్లను కళాశాలకు పంపగలుగుచున్నాను, చెప్పలేనినాడు లేదు.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినను హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. 1960 దశకమున కృష్ణగిరి, ధర్మపురులలో ప్రభుత్వ కళాశాలలు రావడముతో దగ్గరి ఊళ్ళవారికి ఇల్లు విడువవలసిన అవసరము తగ్గెను. 1970 దశకమునుండి హోసూరు పారిశ్రామిక కేంద్రమాయెను. కర్మాగారములకు వచ్చిన పనివారితో గదుల అద్దెలు పెరిగినవి. చదువుకొను పిల్లవాడు జీతగానితో పోటీపడి గది వెదకవలసి వచ్చెను. 2006నాటి చట్టముచే తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది, మైనారిటీ బడుల విషయము న్యాయస్థానములవరకు పోయినది. ఆ చర్చకు ఇది చోటు కాదు. వసతితో దానికున్న సంబంధము మాత్రము చెప్పెదను. మన బాలుడు సేలమున ఉన్న తమిళము యాసకు నవ్వుదురు. బెంగుళూరున కన్నడమునకు నవ్వుదురు. తిరుపతికి పోయిన, ఇక నవ్వరని తలచి నోరు విప్పగా, వాని తెలుగునకే నవ్వుదురు. మా మాటలో కన్నడ, తమిళ పదములు కలిసియుండుట నిజమే. అది లోపమని నేననుకొనను. కాని పదునెనిమిదేండ్లవానికి ఆ నవ్వు రాతి నేల చలికంటె బాధాకరము. మొదటి నెలలోనే పెట్టె సర్దుకొని తిరిగివచ్చిన పిల్లలను నేనెరుగుదును. అడిగిన తిండి బాగులేదందురు. తిండి కాదని నాకు తెలియును.

1997లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయమును స్థాపించెను. కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోట, మన కృష్ణగిరి ఎల్లను ఆనుకొని కలదు. అచ్చటి హాస్టలులో తెలుగు, కన్నడ, తమిళములు మూడును వినవచ్చును. మా పిల్లవాడు అచ్చట మూడింటిని ఎరిగినవాడగుటచే నలుగురికి మధ్యవర్తి యగును. కళాశాల ఎన్నుకొనునపుడు తల్లిదండ్రులకు నేను ఈ సంగతిని ప్రత్యేకముగా చెప్పుచుందును.

బెంగుళూరునకు పోవువారు నేడు పి.జి. అని పిలుచు అద్దె వసతులలో చేరుచున్నారు. వానిలో అనేకమును నెల్లూరు, రాయలసీమ ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారే నడుపుచున్నారు. భార్య వంట చూచును, భర్త సరకులు, అద్దె లెక్కలు చూచును. సుబ్బమ్మగారి పూటకూళ్ళ యిల్లు పేరు మార్చుకొని నాలుగంతస్తులు ఎక్కినదన్నమాట. గది యిరుకు, ముగ్గురికి ఒక బీరువా, కిటికీ తెరచిన ఎదుటి గోడ. గత సంవత్సరము నాయొద్ద చదివిన ఒక విద్యార్థి అట్టి గదికి నన్ను తీసికొనిపోయెను. మంచము క్రింద పాత ట్రంకుపెట్టె కనబడినది, తాతగారిదట. దానిపై ల్యాప్‌టాప్ పెట్టుకొని వ్రాసికొనుచున్నాడు. గోడకు అంటుబిళ్ళల కొక్కెములు నాలుగు అతికించి, అటునుండి ఇటు ఒక నైలాను త్రాడు కట్టి, దానిని దండెము అనే పిలుచుచున్నాడు. తోటివారిద్దరు, ఒకడు హాసనమువాడు, ఒకడు కడపవాడు, ఆ మాటనే వాడుచుండిరి. ఆదివారము రాగిపిండి తెప్పించి సంగటి వండుమని వంటామెను ముగ్గురును కలిసి అడిగిరట. మొదట ఆమె కాదన్నదట, ఇప్పుడు వారమునకొకమారు వండుచున్నదట.